మేస్త్రీ కూతురికి జ్ఞానతల్లి

అర్సేసియోని నేను ఒక్క మాట కూడా అనను. ఆయన నా కొంపాద్రె. మా కొండల్లో ఒకరి బిడ్డకి చర్చిలో జ్ఞానతల్లిగా నిలబడ్డావంటే ఆ బిడ్డ తండ్రి నీకు కొంపాద్రె, నువ్వు ఆయనకి కొమాద్రె. ఇక చచ్చేదాకా ఒకరినొకరు తిట్టుకోకూడదు, ఒకరి పేరు ఒకరు బజారుకెక్కించకూడదు. అందుకని జరిగింది జరిగినట్టు చెబుతాను. వింటున్నవాళ్ళకి తిట్టినట్టు అనిపిస్తే అది జరిగినదాని తప్పు, నాది కాదు.

ఆ ఏడు కాఫీ విరగకాసింది. అక్టోబరు మొదట్లోనే కొమ్మలు ఎర్రబడ్డాయి. ఎక్కడెక్కడి కూలీలో బస్సులెక్కి వచ్చి దిగారు, ఊళ్ళో మంచం దొరకడం కష్టమైంది. పంట మొదలైందంటే బళ్ళో బెంచీలు ఖాళీ అవుతాయి. పిల్లలు నడుముకి బుట్ట కట్టుకుని తోటల్లోకి పోతారు, సగం మంది మళ్ళీ వెనక్కి రారు. ఆ ఏడు కొన్సువేలో టీచరు కొత్త పద్ధతి పెట్టింది. బడి మానేసేలా ఉన్న ప్రతి పిల్ల ఇంటికీ ఇంకో ఇల్లు తోడుండాలి. వారం వారం వెళ్ళాలి, ఆ ఇంట్లో ఏం అడ్డొస్తుందో చూడాలి, వాళ్ళతో కలిసి తినాలి, పిల్లని బళ్ళోకి తేవాలి. "పిల్లల్ని తిడితే లాభం లేదమ్మా, ఇల్లు కదలాలి," అనేది. ఈ తోడు ఇళ్ళకి పెద్దగా తల్లులందరూ చేతులెత్తి నన్నే ఎన్నుకున్నారు. నాకు చదువుందని కాదు, నోరుందని.

మొదటి సమావేశంలో టీచరు ఒక్కొక్క పేరూ పిలుస్తుంటే ఎవరో ఒకరు "మేం చూసుకుంటాం" అంటున్నారు. మర్లేని పేరు వచ్చేసరికి అందరికీ తమ చెప్పుల మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొచ్చింది. మర్లేని తొమ్మిదో తరగతి, అర్సేసియో కూతురు. అర్సేసియో కొండమీది పెద్ద తోటకి మేస్త్రీ. ఎవరికి పని ఇవ్వాలన్నా, ఎవరికి పళ్ళున్న వరస, ఎవరికి ఆకులున్న వరస అన్నా ఆయన నోటి మాటే. వాళ్ళావిడ పిత్తాశయం ఆపరేషన్ కని మెడెయిన్ పట్నంలో చెల్లెలింటికి వెళ్ళింది. ఆపరేషనైపోయినా ఆవిడ తిరిగి రావడానికి తొందరపడటం లేదు, నేనైనా పడను. దాంతో కొట్టాంలో ఉన్న కూలీలందరికీ వండి పెట్టే పని పిల్ల మీద పడింది.

"మర్లేని ఇంటికి ఎవరూ లేరా?" అంది టీచరు.

"నేనున్నా," అన్నాను.

అందరూ తలలెత్తి చూశారు. సమావేశం అయ్యాక టీచరు నన్ను గుమ్మం దగ్గర ఆపింది.

"రుబియేలా, నిజం చెప్పు. సాయానికి వెళ్తున్నావా, కత్తి పట్టుకుని వెళ్తున్నావా?"

"ముందు వెళ్ళనివ్వండి టీచర్. అక్కడ ఏది పనికొస్తే అది తీస్తా."

ఆవిడకి తెలుసు, ఊరందరికీ తెలుసు. మూడు పంటల కిందట మా అబ్బాయి దువాన్ కి పద్నాలుగేళ్ళు. సెలవుల్లో నాలుగు రోజులు పని చేస్తానని అర్సేసియో తోటకి వెళ్ళాడు. ఆయన వాడి బుట్ట పైకెత్తి కూలీలందరి ముందూ చూపించి, "చూడండ్రా, మగాడంటే వీడు! వీడికి బడెందుకు?" అన్నాడు. అంతే. వాడు మళ్ళీ బడి గేటు దాటలేదు. నేను వెళ్ళి బతిమాలితే అర్సేసియో పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ, "ఇక వాణ్ణి ఒళ్ళోంచి దింపమ్మా," అన్నాడు. ఇప్పుడు వాడికి పదిహేడు. ఆయనలాగే నడుస్తాడు, ఆయనలాగే ఉమ్మేస్తాడు, ఆయన జోకులే మా ఇంట్లో చెబుతాడు. నా కడుపున పుట్టినవాణ్ణి చూస్తుంటే నాకు అర్సేసియో కనిపిస్తాడు. ఆ రోజు నుంచి నాది ఒకటే కోరిక. ఆయన బిడ్డని కూడా ఎవరైనా అలాగే తీసుకుపోవాలి, ఆయన గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోవాలి. ప్రార్థన చేసేటప్పుడు కూడా ఇదే అడిగాను. దేవుడు విన్నాడో లేదో గానీ టీచరు విన్నది.

*

కొట్టాం వంటగదిలోకి వెళ్ళేసరికి పొగలో ముందు ఎవరూ కనబడలేదు. తర్వాత మర్లేని కనబడింది. తను పట్టేంత కుండలో చిక్కుడు గింజలు కలుపుతోంది, పక్కన తొక్క తీయాల్సిన అరటికాయల గుట్ట. నన్ను చూసి భయపడలేదు.

"సెనోరా, సైన్సు క్లాసులో ఆవు కన్ను కోశారట, నిజమేనా?"

"కోశారు."

"ఎవరు పట్టుకున్నారు?"

"నాకేం తెలుసే? ఎవరో పట్టుకున్నారు."

"నేనుండి ఉంటే నేనే పట్టుకునేదాన్ని," అంది. "మిగతావాళ్ళకి అసహ్యం. లోపల గాజులాంటిది ఉంటుందట కదా, దాన్ని కాగితం మీద పెడితే అక్షరాలు పెద్దగా కనబడతాయట. మళ్ళీ కోస్తారా?"

నేను ఆ పిల్ల కోసం రాలేదు. ఆ పిల్ల తండ్రి కోసం వచ్చాను. అయినా అరటికాయ ఒకటి తీసుకుని తొక్క తీయడం మొదలుపెట్టాను.

అర్సేసియో భోజనానికి వచ్చాడు, వెనకే మా దువాన్.

"ఓహో, బడి మా ఇంటికే వచ్చిందే!" అన్నాడు అర్సేసియో. "ఏం రుబియేలా, సాయం చేస్తావా? గరిటె అందుకో."

"మీ పిల్ల సోమవారం నుంచి బడికి రావాలి, అర్సేసియో గారూ. రాకపోతే తల్లిదండ్రుల సభలో మీ ఇంటి పేరు చదువుతారు. ఆ సభకి ఫాదరు గారు వస్తారు, మీ తోట యజమాని తమ్ముడు కూడా వస్తాడు. ఎందుకు రావట్లేదో నేనే లేచి చెప్తా. చిన్నపిల్ల చేత ఇంతమందికి వండిస్తున్నారని చెప్తా."

ఆయన నవ్వు కాస్త తగ్గింది. మా దువాన్ నా మోచెయ్యి పట్టుకుని బయటికి లాగాడు.

"అమ్మా, నా పరువు తీయకు. ఇక్కడ అందరూ చూస్తున్నారు."

"చూడనీ. నీ పరువు ఎక్కడుందో నేనూ చూస్తా."

"ఆయన నన్ను వచ్చే ఏడు చిన్న మేస్త్రీని చేస్తానన్నాడు. నువ్వు చెడగొట్టకు," అన్నాడు నా కొడుకు. పక్కకి ఉమ్మేసి లోపలికి వెళ్ళిపోయాడు.

*

ఆ ఆదివారం సాయంత్రం అర్సేసియో మా ఇంటికి వచ్చాడు. చంకలో కోడిపెట్ట, చేతిలో సోంపు సారా సీసా, తలకి నూనె. మా ఆయన హిల్దార్దో బుట్ట అల్లుకుంటూ ఉన్నవాడు అల్లడం ఆపేశాడు.

"వచ్చే ఆదివారం బిషప్ గారు వస్తున్నారు కదా, పిల్లలకి నుదుట తైలం పెట్టడానికి," అన్నాడు అర్సేసియో. "మా మర్లేనికి జ్ఞానతల్లి కావాలి. నీకంటే మంచిది ఈ కొండల్లో ఎవరున్నారు రుబియేలా?"

నాకు నవ్వాగలేదు, దగ్గులా మార్చుకున్నాను. ఎంత తెలివి! తైలం పండుగ అయ్యాకే తల్లిదండ్రుల సభ. నేను కొమాద్రె అయిపోతే సభలో లేచి ఆయన పేరు ఎత్తలేను. ఎత్తితే ఊరు నా మొహాన ఉమ్మేస్తుంది. కోడినిచ్చి నా నోరు కుట్టేద్దామని వచ్చాడు.

"సరే," అన్నాను.

ఆయనే ఆశ్చర్యపోయాడు. ఇంకాసేపు బతిమాలాలని సిద్ధపడి వచ్చినట్టున్నాడు. కోడిని నా చేతిలో పెట్టి, సారా ఒక గుక్క తాగి వెళ్ళిపోయాడు.

"పిచ్చిదానా," అన్నాడు మా ఆయన. "మూడేళ్ళు పళ్ళు నూరావు. ఇప్పుడు వాడు కొంపాద్రె. ఇక నీ నోరు మూగబోయినట్టే."

"నోరు మూగబోతే చేతులున్నాయిగా," అని కోడికి గింజలు వేశాను.

*

బిషప్ గారు వచ్చారు, తైలం పెట్టారు. నేను మర్లేని కుడి భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఆ పిల్ల భుజం పొగవాసన వేస్తోంది. పూజ అయ్యాక అర్సేసియో తన పెరట్లో భోజనాలు పెట్టాడు. ఫాదరు గారు, యజమాని తమ్ముడు, టీచరు, కూలీలు, ఊళ్ళో సగం మంది.

మా దగ్గర ఒక ఆచారం ఉంది. తైలం పెట్టిన రోజు భోజనాల దగ్గర జ్ఞానతల్లి బిడ్డ తల మీద చెయ్యి వేసి ఏదైనా అడిగితే, కొంపాద్రె కాదనకూడదు. కాదంటే బిడ్డకి అరిష్టం. మామూలుగా ఎవరూ పెద్దవి అడగరు. ఒక పాట పాడమనో, అత్తగారిని పట్టుకుని డాన్సు చెయ్యమనో అడిగి నవ్వుకుంటారు. ఆ రోజు కూడా అందరూ చెంచాలతో బల్ల మీద కొడుతూ, "అడుగు కొమాద్రె! అడుగు!" అని అరిచారు.

నేను లేచి మర్లేని తల మీద చెయ్యి వేశాను.

"కొంపాద్రె, మా ఇల్లు బడికి దగ్గర. పంట అయ్యేదాకా నా బిడ్డ నా ఇంట్లో పడుకుంటుంది, నా ఇంట్లో తింటుంది, మా ఇంటి నుంచే బడికి వెళ్తుంది. నేను అడిగేది అదే."

చెంచాల చప్పుడు ఆగిపోయింది. అర్సేసియో ఫాదరు గారి వైపు చూశాడు. ఫాదరు గారు కోడి తొడ మీద శ్రద్ధ పెట్టారు. యజమాని తమ్ముడు నవ్వుతూ, "ఇచ్చెయ్యవయ్యా, ఆచారం కదా!" అన్నాడు.

"తప్పకుండా, కొమాద్రె," అన్నాడు అర్సేసియో. గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు ఉంది ఆ మాట. ఎంత రుచిగా వినిపించిందో నాకు.

మర్లేని బట్టలు ఒక సంచిలో పట్టాయి. మేం కొండ దిగుతుంటే ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు. నేను మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాను, తనివి తీరక.

*

అనుకోనిది ఒకటి జరిగింది. మర్లేనికి దువాన్ మంచం ఇచ్చాను. వాడు వారంలో ఎక్కువ రోజులు కొట్టాంలోనే పడుకుంటున్నాడు కదా అని. వాడు వచ్చి చూశాడు. తన దుప్పటి చుట్టుకుని బయల్దేరాడు.

"ఎక్కడికిరా?"

"నన్ను మగాడిలా చూసేవాళ్ళ దగ్గరికి. నీకు కొత్త బిడ్డ వచ్చిందిగా."

మర్లేని సిగ్గుపడి నేల మీద పడుకుంటానంది. నేను ఊరుకోలేదు. రాత్రి మా ఆయన, "నువ్వు ఆయన పిల్లని తెచ్చుకున్నావు, ఆయన మన పిల్లాణ్ణి ఉంచేసుకున్నాడు. ఏం సాధించావే?" అన్నాడు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. అయినా పొద్దున్నే లేచి మొక్కజొన్న రొట్టె కాల్చి మర్లేనికి కట్టి పంపాను. ఆ పిల్ల వెళ్ళేటప్పుడు చేతులు జోడించి, "దీవించండి జ్ఞానమ్మా," అనేది. నేను దీవించేదాన్ని. మనసులో సగం దీవెన, సగం ఇంకొకరి మీద శాపం.

పై నుంచి కబుర్లు రావడం మొదలైంది. అర్సేసియో ఒక వంటమనిషిని పెట్టుకున్నాడు, ఆవిడ ఆయన నోటికి తట్టుకోలేక పారిపోయింది. ఇంకొకర్ని పెట్టుకుందామంటే పంట నడుమ ఆడవాళ్ళందరూ చెట్ల కిందే ఉన్నారు. చివరికి ఆయనే గరిటె పట్టాడు. చిక్కుడు గింజలు ఒకరోజు మాడ్చాడట, మర్నాడు రాళ్ళలా పెట్టాడట. కూలీలకి తిండి బాగాలేకపోతే తోట మారతారు, దానికి వాళ్ళెవరి అనుమతీ అడగరు. ఒకరోజు పొద్దున్నే సగం మంది సంచులు భుజాన వేసుకుని పక్క తోటకి నడిచారు. ఆపైన వానలు. పండిన పళ్ళు కోసేవాళ్ళు లేక నేల రాలుతున్నాయి. ఈ కబుర్లు ఎవరు మోసుకొచ్చినా కూర్చోబెట్టి బెల్లం నీళ్ళు ఇచ్చాను, రెండుసార్లు చెప్పించుకున్నాను.

సభ కూడా జరిగింది. అర్సేసియో పేరు చదవలేదు, చదవాల్సిన అవసరం లేదు, పిల్ల బళ్ళో ఉంది కదా. ఆయన మొదటి వరసలో కూర్చున్నాడు. చేతి వేళ్ళకి కాలిన బొబ్బలు.

*

నవంబరులో ఒక వాన మధ్యాహ్నం ఆయన మా ఇంటికి వచ్చాడు. ఈసారి కోడి లేదు.

"కొమాద్రె."

"రండి కొంపాద్రె. కూర్చోండి. తడిసిపోయారు. బెల్లం నీళ్ళు తాగుతారా?"

వేడి గ్లాసు ఇచ్చాను. పక్కగదిలో మర్లేని పరీక్షలకి చదువుకుంటోంది. పెన్సిలు గీకుతున్న చప్పుడు వినబడుతోంది.

"యజమాని ఫోన్ చేశాడు," అన్నాడు. "ఈ వారం కాయ కింద పడితే నన్ను తీసేస్తానన్నాడు. పిల్లని పంపించండి కొమాద్రె. పంట అయ్యేదాకానే."

"పరీక్షలు వచ్చాయి కొంపాద్రె."

"ఊరికే పంపమనట్లేదు." ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి నా వైపు వంగాడు. "మీ దువాన్ ని మీకిచ్చేస్తా."

"ఇచ్చేయడమేంటి?"

"పనిలోంచి తీసేస్తా. ఈ చుట్టుపక్కల ఏ మేస్త్రీ వాడికి బుట్ట ఇవ్వకుండా చెప్తా. నా మాట అందరూ వింటారు. అప్పుడు వాడేం చేస్తాడు? మీ దగ్గరికే వస్తాడు. జనవరిలో బళ్ళో వేసుకోండి. మీకు కావలసింది అదేగా ఇన్నాళ్ళూ?"

అదే. ఆయన తప్పు చెప్పలేదు. మూడేళ్ళుగా నాకు కావలసింది అదొక్కటే. పక్కగదిలో పెన్సిలు చప్పుడు ఆగిపోయింది.

"ఇంకో గ్లాసు పోయనా?" అన్నాను.

"నేనడిగినదానికి?"

"వద్దు కొంపాద్రె."

ఆ పిల్ల కోసమే కొడుకుని వద్దనుకున్నానని ఊళ్ళో గొప్పగా చెప్పుకున్నారు. చెప్పుకోనీ. ఆ నిమిషంలో నాకు పిల్లా గుర్తులేదు, పరీక్షా గుర్తులేదు. అర్సేసియో నా కుర్చీలో తడి బట్టలతో, ఖాళీ చేతులతో, ఇక అడగడానికి ఏమీ మిగలక కూర్చుని ఉన్నాడు. అది ఇంకాసేపు చూడాలనిపించింది. కడుపు నిండేదాకా చూశాను. ఆయన వెళ్ళాక గ్లాసు కడిగి బోర్లించాను.

మర్లేని వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"జ్ఞానమ్మా, మీరు కొమాద్రె. మా నాన్న గురించి మీరు ఎవరికీ చెప్పకూడదు కదా?"

"కూడదు."

"నేను చెప్పొచ్చుగా?"

నేను అవుననలేదు. కాదని కూడా అనలేదు. పొయ్యిలో కట్టె సర్దడానికి అటు తిరిగాను.

*

ఆదివారం పూజ అవగానే మర్లేని ఒక్కతే కొండెక్కింది. కూలీలు భోజనాలకి కూర్చున్నప్పుడు అందరి ముందూ చెప్పిందట. "దువాన్, మా నాన్న నిన్ను మీ అమ్మకి ఇచ్చేస్తానన్నాడు. నీకు ఎక్కడా పని దొరక్కుండా చేస్తానన్నాడు. వండటానికి నేను వస్తే చాలట." చెప్పినవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కోలా చెప్పారు గానీ ఒక సంగతి మాత్రం అందరూ ఒకటే అన్నారు. దువాన్ అర్సేసియోని చూశాడట. అర్సేసియో కుండలోకి చూశాడట.

వాడు సాయంత్రం ఇంటికి వచ్చాడు, దుప్పటీ బుట్టా అన్నీ తెచ్చుకుని. నేను ఎదురుచూస్తూనే ఉన్నాను. అర్సేసియోని వాడి నోటితో తిట్టించి వినాలని, నేను తిట్టకూడనివన్నీ వాడు తిట్టాలని, ఎంత ఆశపడ్డానో.

"నిజమేనా?" అన్నాడు.

"నిజమే."

"నన్నిచ్చేస్తానన్నాడా?"

"అన్నాడు."

"నువ్వు వద్దన్నావు."

మా ఆయన చేతిలో వెదురు బద్ద ఆగిపోయింది. నేను ఈ మాట కోసం సిద్ధపడి లేను. వాడి కళ్ళలో అర్సేసియో మీద కోపం ఉంది, కానీ ఆ మాట మాత్రం నా మీదే.

"వద్దన్నా," అన్నాను.

"ఎందుకు? ఆయనకి నేనక్కర్లేదు, సరే. నీకు కూడానా?"

ఏదైనా మంచి మాట చెప్పొచ్చు. పిల్ల చదువు అనొచ్చు, దేవుడనొచ్చు. వాడికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"నిన్ను ఎత్తుకుపోయినవాడి చేత్తో నువ్వు తిరిగి రావడం నాకిష్టం లేదురా. వాడు ఇస్తే తీసుకోవడమా? అంతకంటే నువ్వు రాకపోయినా ఫర్వాలేదనుకున్నా."

"రాకపోయినా?"

"ఆ నిమిషం, ఫర్వాలేదనుకున్నా."

వాడు బుట్ట గోడకి ఆనించి బల్ల దగ్గర కూర్చున్నాడు. మర్లేని తన పుస్తకాలు పక్కకి జరిపి చోటిచ్చింది. నేను అన్నం, చిక్కుడు గింజలు పెట్టాను. వాడు తిన్నాడు, ఇంకోసారి పెట్టమన్నాడు.

మర్నాడు పొద్దున్న ఇద్దరూ కలిసే కొండ దిగారు. ఆ పిల్లకి లెక్కల పరీక్ష. వాడు బుట్ట భుజాన వేసుకున్నాడు గానీ ఎటు వెళ్తున్నాడో నేను అడగలేదు. గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. మా ఇంటి నుంచి చూస్తే బడి గేటు స్పష్టంగా కనబడుతుంది. మర్లేని లోపలికి వెళ్ళింది. దువాన్ గేటు దగ్గర ఆగాడు. లోపలున్న పిల్లలు వాడి గడ్డం దాకా కూడా లేరు. గంట కొట్టారు. వాడు ఇంకాసేపు అక్కడే నిలబడి, తర్వాత బుట్ట సర్దుకుని పక్క తోట దారి పట్టాడు.

కొంపాద్రె అయితే అయ్యాడు, ఆ క్షణం నుంచి అర్సేసియో మీద నా పగ మళ్ళీ మొదలైంది.